వార్తలు పారు కాలువలు – వాని లాకులు

ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతివారికి తపాలా, టెలిగ్రాఫు, టెలిఫోను, ఇంటర్నెట్టు అను వరుసలో వార్తాసాధనముల చరిత్ర చెప్పుచుండగా, దివిసీమనుండి వచ్చి చదువుకొనుచున్న యొక బాలుడు లేచి, "మాస్టారూ, ఊరక యిచ్చెదమన్న ఇంటర్నెట్టును ప్రభుత్వమువారు వద్దనిరట. డబ్బున్నవారికి బాధ లేదు. లేనివారి నోటికాడి ముద్ద తీసివేయుట న్యాయమేనా అండీ?" అని యడిగెను. తరగతి యంతయు మావంక చూచెను. ఇంతలో గంట కొట్టుటచేత మేము తప్పించుకొంటిమి. తప్పించుకొంటిమనుటయే నిజము, ఏలయన అప్పటికప్పుడు చెప్పదగిన సమాధానము మాయొద్ద లేకుండెను. తరువాత కొన్ని వారములు ఈ విషయమును చదివి, తరగతిలో చర్చించి, తేలినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాము. తలిదండ్రులు కూడ చదువుదురని మా యాశ.

బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతములవారికి కాలువ యన నేమో చెప్పనక్కరలేదు. 1852లో ఆరంభించి 1855 నాటికి బెజవాడకడ కృష్ణకు అడ్డముగా ఆనకట్ట కట్టిరి. సర్ ఆర్థర్ కాటను దొరగారి ప్రోద్బలమున కెప్టెను ఆర్ గారు ఆ పని నడపిరి. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వెలసినది. ఆ నీరు పెద్దకాలువలలోనికి, అందుండి పిల్లకాలువలలోనికి, అందుండి బోదెలలోనికి దిగి పొలము చేరును. పులిగడ్డకడ ఆక్విడక్టుమీదుగా ఏటిపాయను దాటి దివిసీమకు పోవును. ఎగువనున్న రైతు తూము వెడల్పు చేసికొన్నచో శివారు భూములవారు ఎట్లు అలమటింతురో నాగాయలంక, కోడూరు పిల్లలకు మేము నేర్పవలసిన పాఠము కాదు. వారే మాకు నేర్పగలరు.

అయితే మన కాలువలు నీటికొరకు మాత్రమే కాక రాకపోకలకును పనికివచ్చినవి. బందరునుండి బెజవాడకు, ఏలూరు కాలువమీదుగా గోదావరికి, కొమ్మమూరు కాలువమీదుగా బకింగుహాము కాలువలో ప్రవేశించి మదరాసునకు ధాన్యపు పడవలు నడచుచుండెడివి. ఇప్పుడు ఒక్క సంగతి ఊహింపుడు. లాకుకడ నున్న లస్కరు వచ్చిన పడవ నాపి, "ఇందులోని ధాన్య మెవరిది? ఫలానా షావుకారుదయినచో సుంకము లేదు, వెంటనే తలుపు తీసెదను. మరియొకరిదయినచో రెట్టింపు సుంకము, సాయంకాలము వరకు వేచియుండుము" అనెననుకొందము. ఆ షావుకారు లస్కరునకు ముందే సొమ్ము ముట్టజెప్పియున్నాడనియు అనుకొందము. కాలువ త్రవ్వినది ఒకరు, పడవ నడుపునది వేరొకరు, ధాన్యము పండించినవాడు ఇంకొకడు. లస్కరు సుంకము పుచ్చుకొనవచ్చును. వరద వచ్చినపుడు అందరి పడవలను ఆపవచ్చును. కాని ఎవరి ధాన్యమో చూచి తలుపు తీయరాదు. ఇంటర్నెట్టు విషయమున పది సంవత్సరములకు పైగా లోకమంతట జరుగుచున్న వాదమునకు ఇదియే మూలము. దీనిని నెట్ న్యూట్రాలిటీ యందురు. ఆ పేరు 2003లో అమెరికాలోని టిమ్ వూ అను న్యాయశాస్త్రాచార్యుడు పెట్టినది. మనము తటస్థత యనుకొందము.

ఇంటర్నెట్టులో వార్త యెట్లు పోవునో కొంచెము తెలిసికొనవలెను. మనము పంపు ఉత్తరముగాని, చిత్రముగాని, పాటగాని ఒక్క ముద్దగా పోదు. చిన్న చిన్న పొట్లములుగా విడిపోవును. ప్రతి పొట్లముమీద పంపువాని చిరునామా, చేరవలసిన చిరునామా ఉండును. దారిలో రౌటరు లను యంత్రములు ఆ చిరునామా చూచి ముందునకు త్రోయును. గమ్యమున పొట్లములు తిరిగి కూడి మొదటి రూపము దాల్చును. తొలినాళ్లలో ఈ యంత్రములకు చిరునామా తప్ప వేరొకటి పట్టకుండెను. ఇప్పుడో, పొట్లము ఏ కంపెనీనుండి వచ్చుచున్నది, అది మాటయా, బొమ్మయా అని కనిపెట్టి, ఒకదానిని ముందునకు పంపి మరియొకదానిని నిలుపగల సామర్థ్యము టెలికాము కంపెనీలకు కలదు. సామర్థ్యమున్నచోట ఆశయు పుట్టును.

ఈ యాశ క్రొత్తది కాదు. అమెరికాలో కాన్సాస్ నగరమున స్ట్రోజరు అను నొకడుండెను. అంత్యక్రియలకు కావలసినవి అమర్చుట అతని వృత్తి. ఆ కాలమున టెలిఫోను చేసినవారు ఎక్స్ఛేంజిలోని ఉద్యోగినితో ఫలానావారికి కలుపుమని చెప్పవలసియుండెను. ఆ ఉద్యోగిని తన పోటీదారుని భార్య యనియు, తన్ను కోరినవారిని గూడ ఆమె తన భర్తకే కలుపుచున్నదనియు స్ట్రోజరు నమ్మెనని చెప్పుదురు. ఫిర్యాదులతో విసిగి, నడుమ మనిషి లేకయే తీగలను కలుపు యంత్రమును కనిపెట్టి 1891లో పేటెంటు పొందెను. తరువాత బహుకాలము దేశదేశములలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు ఆ పద్ధతిననే నడచినవి. కోపమునకు కూడ అప్పుడప్పుడు మంచి ఫలము కలదని మా పిల్లలు నవ్విరి.

ఇక మన దేశమునకు వత్తము. సామాన్యులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చినది. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ కంపెనీవారు ఇంటర్నెట్టుద్వారా మాటలాడు స్కైపు వంటివానికి ప్రత్యేక రుసుము వసూలు చేసెదమని ప్రకటించి, ప్రజలు గోల చేయగా కొద్దిదినములలోనే వెనుకకు తీసికొనిరి. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్కువారును రిలయన్సు కమ్యూనికేషన్సువారును కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ అను ఏర్పాటును తెచ్చిరి. మొట్టమొదట దీనిని ఆరంభించిన కొద్ది సర్కిళ్లలో తెలంగాణముతో కూడిన మన ఆంధ్రప్రదేశ్ సర్కిలు ఒకటి. ముప్పదికి పైగా వెబ్‌సైట్లను డబ్బు లేకుండ చూడవచ్చును. ఆవల అడుగు పెట్టవలెనన్న డబ్బు కట్టవలెను. ఫేస్‌బుక్కు ఆ గిరిలోపలనే యుండెను. తరువాత దానికే ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చిరి. 2015 ఏప్రిలులో ఎయిర్‌టెల్ జీరో అను మరియొక పథకము వచ్చెను. వాడువాడు డబ్బు కట్టడు; ఆ వెబ్‌సైటు కంపెనీయే టెలికాము కంపెనీకి కట్టును. అందు చేరదలచిన ఫ్లిప్‌కార్టు వారు జనాగ్రహము చూచి తప్పుకొనిరి.

మా విద్యార్థి యడిగినది ఫ్రీ బేసిక్సును గూర్చియే. అతని పక్షమున చెప్పదగినది చాల కలదు. దానిని దాచుట ఉపాధ్యాయుని ధర్మము కాదు. ఏమియు లేనివానికి కొంత దొరకుట మేలు కాదా? పూర్ణభోజనము పెట్టలేనప్పుడు గంజి పోయుట తప్పా? ఆ పథకమువారును ఇదే వాదించిరి. తొలుత తామే వెబ్‌సైట్లను ఎంచుకొన్నను, విమర్శ రాగా, మా షరతులకు లోబడిన యెవరైనను చేరవచ్చునని తలుపు తెరచిరి కూడ. కాని షరతులు వ్రాయు కలము వారి చేతనే మిగిలినది. చిక్కంతయు అచ్చటనే.

ఒక దృష్టాంతము చెప్పెదము. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను కేంద్రప్రభుత్వ సంస్థ సముద్రములో చేపలు ఎచ్చట గుమికూడ వీలున్నదో, అలలు ఎంత యెత్తున లేచునో మత్స్యకారులకు తెలుపుచుండును. మన మచిలీపట్నమున డాప్లర్ రాడారు తుఫాను మబ్బులను కనిపెట్టుచుండును. గిలకలదిండినుండి వేటకు పోవువానికి ఈ రెండును ప్రాణములతో సమానము. అవి గిరిలోపల నున్నవా, వెలుపల నున్నవా యని నిర్ణయించువాడు సముద్రము మొగము చూడని వేరుదేశపు కంపెనీ యుద్యోగి యయినచో? అతడు మంచివాడే కావచ్చును. అయినను వలవేయువాని అవసరము వలవేయువానికే తెలియును. గిరిలోపలనే పుట్టి పెరిగినవాడు అదియే ఇంటర్నెట్టనుకొనును; వెలుపల నొకటి యున్నదని కూడ ఎరుగడు. మరియు రేపు గుడివాడలో ఒక యువకుడు చేపల చెరువులవారికో, వరిరైతులకో పనికివచ్చు వెబ్‌సైటు నొకటి కట్టెననుకొనుడు. పెద్దకంపెనీ పడవకు సుంకము లేదు, వీని పడవకు ఉన్నది. రైతు దేనిని తెరచును?

టెలికాము నియంత్రణ సంస్థ యైన ట్రాయి 2015 మార్చి 27న ఈ విషయముమీద ప్రజాభిప్రాయము కోరెను. పది లక్షలకు పైగా ఈమెయిలు ఉత్తరములు వచ్చినవి. నియంత్రణసంస్థ ప్రకటనలను వకీళ్లును కంపెనీలవారును తప్ప చదువువా రుండరను నమ్మకము ఆ దినముతో పోయినది. ఆ డిసెంబరులో ట్రాయి రెండవమారు, ధరల తారతమ్యమును గూర్చియే ప్రత్యేకముగా అడిగెను. ఈసారి ఫేస్‌బుక్కువారు నిండుపుట ప్రకటనలు వేయించి, తమ వాడుకదారులచేత వ్రాయించిరి. తుదకు 2016 ఫిబ్రవరి 8న తీర్పు వంటి నిబంధన వెలువడినది: ఏ విషయమును చూచుచున్నారను దానిని బట్టి ధర మార్చరాదు, మీరినవారికి దినమునకు 50,000 రూపాయల చొప్పున, 50 లక్షలకు మించకుండ జుల్మానా. కొద్దిదినములకే ఫ్రీ బేసిక్స్ ఈ దేశమున ఎత్తివేయబడినది. ధర యొక్కటే కాదు, వేగమును తగ్గించుట, అడ్డగించుట, ఒకరిని ముందు పంపుట కూడ కూడదని ట్రాయి 2017 నవంబరు 28న సిఫారసు చేయగా, 2018 జూలైలో కేంద్రప్రభుత్వము అంగీకరించి, తరువాత లైసెన్సు షరతులలో చేర్చినది. దూరమునుండి శస్త్రచికిత్స చేయుట వంటి ప్రత్యేక సేవలకు మినహాయింపు కలదు. అమెరికాలో ఇట్టి నిబంధన 2015లో వచ్చి, 2017లో పోయి, 2024లో మరల వచ్చి, 2025 జనవరి 2న న్యాయస్థానముచే కొట్టివేయబడినది. ఈ యొక్క విషయమున మన దేశము స్థిరముగా నిలిచినదని చెప్పుటకు సంతసించుచున్నాము.

అయినను మా విద్యార్థి ప్రశ్న తీరలేదు. పేదవానికి దొరకిన దేమి? 2015లో 1 జీబీ డేటాకు సగటున 200 రూపాయలకు పైబడియుండెను. 2016 సెప్టెంబరులో జియో కంపెనీ వచ్చి కొన్ని నెలలు ఊరకనే ఇచ్చినది. అయితే ఫలానావానికే యని గిరి గీయలేదు. రెండు సంవత్సరములలో ధర 20 రూపాయలకు లోపు దిగినది. పోటీ తగ్గినకొలది ధరలు మరల పెరిగిన మాటయు నిజమే. 2016 డిసెంబరు 19న ట్రాయియే వేరొక మార్గము చూపినది: గ్రామములలోని వాడుకదారులకు నెలకు 100 ఎంబీ డేటాను ప్రభుత్వనిధినుండి ఊరకనే ఇండు, దానితో వారు ఎచ్చటికి పోవుదురో వారి యిష్టము, అని. రేషను బియ్యము ఇచ్చి, ఏ కూరతో తినవలెనో చెప్పకుండుట వంటిది. ఆ సిఫారసు సిఫారసుగానే నిలిచినది. కావున మా విద్యార్థి కోపమును మేము సగము ఒప్పుకొనుచున్నాము. గంజిని వద్దనుటలో ప్రభుత్వము తప్పు చేయలేదు; అన్నము వడ్డించుటలో ఆలస్యము చేసినది.

ఇంతవరకు ప్రభుత్వము కంపెనీల చేతిని పట్టిన కథ. ప్రభుత్వము చేతిని పట్టువారెవరు? లస్కరు లంచగొండి కాకుండ చూచు అధికారియే కాలువతల తలుపు దింపివేసినచో పడవలన్నియు నిలిచిపోవును.

ఇది పొరుగుననే జరిగినది. 2022 మే 24న కోనసీమ జిల్లాకు డాక్టరు అంబేద్కరుగారి పేరు చేర్చు విషయమున అమలాపురములో అల్లరులు చెలరేగి ఇండ్లు తగులబడినవి. వెంటనే ఇంటర్నెట్టును నిలిపిరి. అబద్ధపు వార్తలు నిప్పువలె ప్రాకుచుండగా అధికారులు ఊరకుండవలెనని మేమనము. కాని వారము దాటినను పలు మండలములలో తలుపు దిగియే యుండెను. ఇంటికడనుండి ఉద్యోగము చేయుచున్న యువకులు కంప్యూటర్లు చంకబెట్టుకొని సంకేతము దొరకు చోటులకై పొరుగు ప్రాంతములకు పోవలసివచ్చెను. ఫోనుతో సొమ్ము చెల్లించుటకు అలవాటుపడిన చిన్న దుకాణదారులు చేతులు ముడుచుకొనిరి. ఇంటికి నిప్పు పెట్టినవారు కొందరు. తలుపు దిగినది అందరికిని.

ఈ యధికారము ఎచ్చటిది? 1885 నాటి టెలిగ్రాఫు చట్టము ప్రజాక్షేమమునకు భంగము కలిగినపుడు వార్తలను ఆపు అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చియుండెను. తంతివార్తలకొరకు వ్రాసిన ఆ చట్టముక్రిందనే 2017లో ఇంటర్నెట్టును నిలుపు నియమములు చేసిరి. హోముశాఖ కార్యదర్శి ఉత్తరువు ఇయ్యవలెను; అయిదు పనిదినములలో సమీక్షాసంఘము దానిని పరిశీలింపవలెను. కాశ్మీరమున 2019 ఆగస్టులో ఇంటర్నెట్టు నిలువగా, అనూరాధా భాసీను అను పత్రికాసంపాదకురాలు సుప్రీముకోర్టు కెక్కిరి. 2020 జనవరి 10న వెలువడిన ఆ తీర్పును వ్రాసినవారు జస్టిసు ఎన్.వి. రమణగారు. వారు ఆనాటి కృష్ణా జిల్లాలోని పొన్నవరమున జన్మించినవారు. తరువాత భారత ప్రధానన్యాయమూర్తి యయిరి. ఇంటర్నెట్టుద్వారా అభిప్రాయము చెప్పుటయు, వ్యాపారము చేయుటయు రాజ్యాంగరక్షణ గలవి, హద్దులేకుండ నిలుపరాదు, నిలుపు ఉత్తరువును కారణములతో ప్రకటింపవలెను, అపాయమెంతయో అంతకు తగినంతయే నిలుపవలెను అని తీర్పు చెప్పిరి. అయితే కోర్టువారు అంతటనే తలుపు ఎత్తింపలేదు. ఉత్తరువులను తిరిగి పరిశీలింపుడని ప్రభుత్వమునకే చెప్పిరి. కాశ్మీరమున పూర్తి వేగముతో ఇంటర్నెట్టు మరల వచ్చునప్పటికి 2021 ఫిబ్రవరి.

ప్రకటింపవలెనను ఆ యొక్క మాట చిన్నదిగా తోచవచ్చును. మా దృష్టిలో అన్నిటికంటె పెద్దది అదే. కాలువ కట్టివేయునపుడు ఏ తేదీనుండి ఏ తేదీవరకో ముందు చెప్పినచో రైతు నారుమడి సంగతి చూచుకొనును. కాగితమే లేనిచో ఎవరిని అడుగును? 2021 డిసెంబరులో పార్లమెంటు స్థాయీసంఘము తేల్చిన దేమన, దేశమున ఎన్నిమారులు ఇంటర్నెట్టు నిలిపిరో కేంద్రశాఖలవద్ద లెక్కయే లేదని! ఆ సంవత్సరమే సెప్టెంబరు 26న రాజస్థానమున ఉపాధ్యాయుల అర్హతపరీక్షలో కాపీ జరుగకుండుటకై పలు జిల్లాలలో మొబైలు ఇంటర్నెట్టును నిలిపివేసిరి. పరీక్షల కాపలాకు మేమును నిలిచినవారమే. ఒక గదిలో చీటీలు పట్టుటకు ఊరంతటి దీపములు ఆర్పుట మాకెన్నడును తోచలేదు. 2023లో క్రొత్త టెలికాము చట్టము వచ్చినది. దానిక్రింద 2024 నవంబరులో చేసిన నియమములలో ఉత్తరువు ప్రకటింపబడవలెననియు, 15 దినములకు మించరాదనియు కలదు. వ్రాత బాగుగనే యున్నది.

విద్యార్థినులకు ప్రత్యేకముగ ఒక సంగతి. కేరళమున ఫహీమా షిరీను అను కళాశాల విద్యార్థిని, హాస్టలులో సాయంకాలము ఆరింటినుండి రాత్రి పదింటివరకు ఫోను వాడరాదను నియమమును ఒప్పుకొననందున వెళ్లగొట్టబడెను. ఆమె హైకోర్టునకు పోగా, ఇంటర్నెట్టు పొందు హక్కు విద్యాహక్కులోనిదని 2019 సెప్టెంబరు 19న తీర్పు వచ్చి, ఆమెను తిరిగి చేర్చుకొనిరి. మా హాస్టలు పిల్లలు దీనిని చదివి సాయంకాలమే వార్డెనుగారి తలుపు తట్టకుందురుగాక. ఆమె కళాశాల విద్యార్థిని, వయసు వచ్చినది.

తుదకు దివిసీమ మాట. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినపుడు స్తంభములు కూలి, దారులు తెగి, అచ్చట జరిగిన ఘోరము బయటివారికి వెంటనే తెలియలేదు. అధికార లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయిరి. ముందుగా హెచ్చరిక చేరినయెడల వారిలో ఎందరు మిట్టలమీదికి పోయియుందురో! ఈ సంగతి మాకు 2016 నాటి నిబంధనలో ఒక చిన్న వాక్యము చదువునపుడు జ్ఞప్తికి వచ్చినది. ధరలలో తారతమ్యము కూడదన్న ఆ నిబంధనయే, అత్యవసర సేవలకు గాని, ఘోరమైన ఆపద వచ్చినపుడు గాని మాత్రము కంపెనీలు ధర తగ్గింపవచ్చునని, అట్లు చేసినచో ఏడు పనిదినములలో ట్రాయికి తెలుపవలెనని చెప్పుచున్నది. వరదనాడు పడవలను సుంకము లేకుండ విడుచుటకు లస్కరునకు సెలవు కలదన్నమాట.

ఆ వాక్యమును తరగతిలో చదివి వినిపించితిమి. మొదట ప్రశ్న వేసిన బాలుడు కొంతసేపు ఆలోచించి, "తగ్గింపవచ్చును అని యున్నది గాని, తగ్గింపవలెను అని లేదు గదండీ" అనెను. నిజమే. అతనిచేత ఆ రెండు మాటలను నల్లబల్లమీద వ్రాయించి, ఆనాటి వ్యాకరణపాఠము నచ్చటనే మొదలుపెట్టితిమి.